నాలుగు మంచాలు, ఐదు సిరంజిలు

"నా సంతకమే ఆయన్ని చంపిందా? అదొక్కటి తేల్చి చెప్పండి. ఇంకేం అక్కర్లేదు."

నా దగ్గరికి వచ్చేవాళ్ళు మామూలుగా ఎవరు చంపారో చెప్పమంటారు. ఈ దర్జీ ఆవిడ మాత్రం తను చంపలేదని చెప్పమంటోంది. ఆవిడ భర్త బస్సు డ్రైవరు. న్యుమోనియాతో ఈ ఆస్పత్రి ఐ.సి.యు.లో చేరి, మూడు రోజుల కిందట పోయాడు. పోయిన రోజు పొద్దున్నే అతనికి ఒక కొత్త మందు ఎక్కించారు. ఇంకా ప్రయోగాల దశలోనే ఉన్న మందు కాబట్టి ఇంటివాళ్ళ సంతకం కావాలన్నారు. ఈవిడ పెట్టింది. శ్మశానం నుంచి తిరిగొచ్చిన కొడుకు తల్లితో ఒకే ఒక్క మాట అన్నాడట: "నువ్వు సంతకం పెట్టకపోతే నాన్న ఉండేవాడు." అంతే, ఆ తరవాత మాటల్లేవు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. వాడి కంచం వాడే పెట్టుకుంటున్నాడు.

చంపినవాళ్ళని పట్టుకోవడం ఒక పని. ఇలా పట్టుకున్న మాటని విడిపించడం ఇంకో పని. దీనికి ఫీజు ఎంత అడగాలో నాకు తెలీలేదు, అందుకని అడగలేదు.

మాకు మధ్యాహ్నం దాకా గడువు. పన్నెండింటికి ఆ మందు తాలూకు సరుకంతా ఆస్పత్రి కొలిమిలో వేసి కాల్చెయ్యడానికి ఇన్‌స్పెక్టరు ఆర్డరు తెచ్చుకున్నాడు. ఈలోగా పోయినవాడి తరఫున ఎవరో ఒకరు అన్నీ చూసుకోవచ్చని కోర్టు అంది. ఆ ఎవరో ఒకరు నేనే.

ఇన్‌స్పెక్టరుకి పత్రికలవాళ్ళు "ఇరవైనాలుగ్గంటలు" అని పేరు పెట్టారు. ఏ కేసైనా ఒక్క రోజులో మూసేస్తాడని. మూయడం వేరు, తేల్చడం వేరు అని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. వార్డు బయట నన్ను చూడగానే నవ్వాడు.

"వచ్చారా మేడమ్! పిలవని పేరంటానికి రావడం మీకు అలవాటేగా."

"పిలిస్తేనే వచ్చాను. పిలిచినావిడ మీ వెనకాలే నిలబడి ఉంది."

ఆయన వెనక్కి తిరిగాడు. దర్జీ ఆవిడ పక్కనే, ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య ఇంకో ఆడమనిషి ఉంది. చేతులకి బేడీలు, కళ్ళ కింద నల్లటి చారలు. మందు చేసిన పరిశోధకురాలు ఆవిడే. మందు పాలలా తెల్లగా ఉంటుందని వార్డులో అందరూ ఆవిడని పాలడాక్టరు అంటారు.

"ఇందులో తేల్చడానికి ఏముంది మేడమ్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మా పాపకీ ఇదే జబ్బు. తొమ్మిదేళ్ళ పిల్ల. ఇదే వార్డు, కిటికీ పక్క మంచం. ఈవిడ మందు చుక్క కూడా పడలేదు. ఇవాళ ఇంటికెళ్తోంది. ఈవిడ మందు పడ్డవాడు కాటికెళ్ళాడు. ఇంకేం సాక్ష్యం కావాలి మీకు?"

"మందు పడ్డవాళ్ళు నలుగురు కదా. మిగతా ముగ్గురూ బానే ఉన్నారుగా?"

"అదృష్టవంతులు."

"ఇదేం లెక్కండీ? బతికితే అదృష్టం, పోతే మందా?"

ఆయన జవాబు చెప్పేలోగా దర్జీ ఆవిడ అడ్డొచ్చింది. "పాప లేచిందా బాబూ?" అని అడిగింది. ఆ గొంతులో ఎత్తిపొడుపేం లేదు. ఆవిడ నిజంగానే అడిగింది. "గౌను సరిపోయిందా?"

ఇన్‌స్పెక్టరు తలూపి, ఎందుకో గడియారం చూసుకున్నాడు.

గౌను సంగతి ఆవిడే చెప్పింది నాకు. పాపని చేర్చుకున్నప్పుడు ఒంటిమీది గౌనుని కత్తెరతో నిలువునా కోసి తీశారట. తల్లి లేని పిల్ల. తండ్రి ఆ పీలికలు చేత్తో పట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంటే, భర్త కోసం అదే బెంచీ మీద కాపలా ఉన్న ఈవిడ చూడలేకపోయింది. సంచిలోంచి సూదీ దారం తీసి కుట్టిచ్చింది. "పిల్ల లేచాక వేసుకుంటుంది లెండి బాబూ" అందట. అప్పటికి తన మొగుడు ఇంకా బతికే ఉన్నాడు.

*

అందరం మందుల గదికి వెళ్ళే దారిలో పాలడాక్టరుని అడిగాను, "మీ మందు చేసే పనేంటో నాలాంటిదానికి అర్థమయ్యేలా చెప్పండి."

"ఈ సూక్ష్మజీవి మనిషిని నేరుగా చంపదండీ," అందావిడ. "అదొక విషం వదుల్తుంది. ఆ విషం మన కణాల చుట్టూ ఉండే కొవ్వు గోడని వెతుక్కుంటూ వెళ్ళి చిల్లులు పొడుస్తుంది. కణం పగిలిపోతుంది. యాంటీబయాటిక్ ఇస్తే సూక్ష్మజీవి చస్తుంది గానీ, అది అప్పటికే కక్కిన విషం ఎక్కడికీ పోదు."

"మరి మీరేం చేస్తారు?"

"కొవ్వుతోనే సన్నటి బుడగలు చేసి నరంలోకి వదుల్తాం. లైపోజోములు అంటారు. కణం గోడలాగే ఉంటాయి, లోపల మాత్రం ఖాళీ. విషం వాటిని చూసి ఇవే కణాలనుకుని అతుక్కుపోతుంది. అసలు కణాలు మిగుల్తాయి."

"దొంగకి దొంగ ఇల్లు చూపించడమన్నమాట."

అరెస్టయ్యాక మొదటిసారేమో, ఆవిడ మొహంలో కాస్త నవ్వులాంటిది కనిపించింది. "అంతే. కాకపోతే ఆ దొంగ ఇల్లు సరిగ్గా కట్టాలి. మా బుడగల్లో కొలెస్ట్రాల్ ఎక్కువ వేస్తాం. విషం వెతికేది దాన్నే. అది లేకపోతే ఎంత కొవ్వున్నా ఆ గుమ్మం తొక్కదు."

మందుల గదిలో హెడ్ సిస్టరు మా కోసం నిలబడి ఉంది. ముప్పయ్యేళ్ళ సర్వీసు, ఇస్త్రీ చెదరని తెల్ల బట్టలు. పక్కన చిన్న ఫ్రిజ్, తలుపు మీద ఇన్‌స్పెక్టరు వేసిన లక్క సీలు. డ్రైవరు పోయిన గంటలోనే ఆయన వచ్చి, లోపల ఏముందో కూడా చూడకుండా సీలు వేసేశాడట. ఇరవైనాలుగ్గంటలు అన్న పేరు ఊరికే రాదు.

"ఇందులో ఏం ఉంటాయి?" అని అడిగాను.

"వాడేసిన సిరంజిలు," అంది హెడ్ సిస్టరు. "మందుని పెద్ద సిరంజిలో నింపి పంపుకి బిగిస్తాం. గంటసేపు ఎక్కుతుంది. అయిపోయాక అడుగున కాస్త మిగుల్తుంది. అది పారెయ్యకుండా మూత పెట్టి, మంచం నంబరు రాసి ఇందులో పెట్టాలి. రోగి ఇంటికెళ్ళేదాకా ఉంచాలి. ఈ డాక్టరమ్మ పెట్టిన రూలు."

"అందరూ పాటిస్తారా?"

"నా వార్డులో పాటించక చస్తారా?" అంది. పక్కనున్న నర్సు ఒకావిడ తల కిందికి దించుకుంది, ఆ రూలు తప్పి చీవాట్లు తిన్నట్టుంది.

ఇన్‌స్పెక్టరు తన సీలు తనే పగలగొట్టాడు. తలుపు తెరిచాను. మధ్య అరలో వెండికాగితం చుట్టిన సిరంజిలు వరసగా ఉన్నాయి. వెలుతురు తగలకూడదని ఈ మందుకి కాగితం చుడతారు. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాను. ఒకటో మంచం. మూడో మంచం. నాలుగో మంచం. ఆరో మంచం, అంటే మా డ్రైవరుది.

అర వెనక్కి చెయ్యి పెడితే ఇంకోటి తగిలింది. దాని మీద నంబరు లేదు.

"మందు పడ్డ మంచాలు నాలుగు. సిరంజిలు ఐదు. ఇదెవరిదమ్మా?"

హెడ్ సిస్టరు తడుముకోలేదు. "గొట్టం కడగడానికి వాడిన సెలైనై ఉంటుంది."

కాగితం విప్పి చూపించాను. అడుగున రెండు చెంచాల తెల్లటి ద్రవం.

"పాలలా ఉండే సెలైన్ నేనింతవరకూ చూడలేదు."

"అయితే నరంలోకి ఎక్కించే ఆహారం. తినలేనివాళ్ళకి తెల్లటి కొవ్వు ఎక్కిస్తాం. అదీ ఇలాగే ఉంటుంది, దానికీ కాగితం చుడతాం. ఎవరో పొరపాటున ఇక్కడ పెట్టుంటారు."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది. ఒకసారి సెలైన్, ఒకసారి ఆహారం. అయితే ఆవిడ నోరు జారి నాకొక మేలు చేసింది. చూడ్డానికి ఒకేలా ఉండే తెల్లటి ద్రవాలు ఈ వార్డులో రెండు ఉన్నాయని అప్పటిదాకా నాకు తెలీదు.

"వీటిని పరీక్ష చేయించాలి," అన్నాను.

"కుదరదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నిందితురాలి మందుని నిందితురాలే పరీక్ష చేస్తుందా? రేపు కోర్టులో నవ్వుతారు."

"ఆవిడ చెయ్యదు. బేడీలు కూడా తియ్యక్కర్లేదు, నోటితో చెప్తే చాలు. మీ బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ చేస్తాడు. ఏ గొట్టంలో ఏ సిరంజిదో నాకు, మీకు తప్ప ఎవరికీ తెలీదు. గుర్తులు మీరే వెయ్యండి."

"విషం కావాలిగా పరీక్షకి? ఈవిడ ల్యాబులో దొరికిన విషం సీసా నేను జప్తు చేశాను. అసలు అదే పెద్ద సాక్ష్యం."

"పాము కాటుకి మందు చేసేవాడి ఇంట్లో పాము విషం దొరక్క పంచదార దొరుకుతుందా? తెప్పించండి సార్. కాల్చేముందు కాస్త పనికొస్తుంది."

ఆయన మెడ ఎర్రబడింది. కాదనడానికి కారణం దొరక్క కానిస్టేబుల్ని పంపాడు.

*

ఆవలిస్తూ వచ్చాడు టెక్నీషియన్. ఎవరి పక్షమూ కాని మనిషి, నాకు కావలసింది అలాంటివాడే. పాలడాక్టరు చెప్తుంటే, కడిగిన ఎర్రకణాలని గాజు గొట్టాల్లో పోశాడు. ఒకదాంట్లో వట్టి విషం కలిపాడు. మిగతావాటిలో విషంతో పాటు ఒక్కో సిరంజిలోంచి ఒక్కో చుక్క వేసి, అన్నిటినీ గోరువెచ్చటి నీళ్ళలో నిలబెట్టాడు.

"అరగంట," అంది పాలడాక్టరు. "మందు పనిచేస్తే కణాలు పగలవు. యంత్రంలో గిర్రున తిప్పితే అడుక్కి చేరతాయి, పైన నీళ్ళు తేటగా మిగుల్తాయి. పనిచెయ్యకపోతే కణాలు పగిలిపోయి నీళ్ళంతా ఎర్రగా అయిపోతాయి."

ఆ అరగంటా హెడ్ సిస్టరుని నా ఎదురుగా కూర్చోబెట్టాను.

"ఆ పొద్దున మందు నింపింది ఎవరు?"

"నేనే. నలుగురికీ నేనే నింపాను."

"డ్రైవరుకి పంపు బిగించింది?"

"నేనే."

"ఆయన ఎలా ఉన్నాడప్పటికి?"

"బాలేడు. సాయంత్రం దాకా ఉంటే గొప్పన్నారు పెద్ద డాక్టరు."

"కిటికీ పక్క మంచం పాప ఎలా ఉంది?"

ఆవిడ చప్పున తలెత్తింది. నేను పాప పేరెత్తుతానని ఆవిడ అనుకోలేదు. "పాపకీ ఈ కేసుకీ సంబంధం ఏంటి?"

"మీరే చెప్పాలి. ఈ జబ్బుతో వార్డులో ఉన్నవాళ్ళు ఐదుగురు. నలుగురు పెద్దవాళ్ళు, మందు దొరికింది. ఐదో మనిషి చిన్నపిల్ల. పిల్లల మీద ప్రయోగం చెయ్యకూడదని రూలు, కాబట్టి దొరకలేదు. ఆ పొద్దున పాప ఎలా ఉందని అడిగానంతే."

"సీరియస్‌గానే ఉంది."

"సాయంత్రానికి?"

"కాస్త నయం." తన అరచేతుల్లోకి చూసుకుంది. "పిల్లలు తొందరగా కోలుకుంటారు."

కిటికీ దగ్గర నిలబడ్డ ఇన్‌స్పెక్టరు ఒక్కసారిగా మా వైపు వచ్చాడు. "మా పాప సంగతి ఎందుకు మేడమ్ మధ్యలో? చెప్పాగా, దానికి ఈ మందు చుక్క కూడా పడలేదని!"

ఆ మాట ఆయన నాతో అనడం అది రెండోసారి. ఎవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడం నేను చాలామందిలో చూశాను, అయితే యూనిఫాం వేసుకున్న భుజాలు చూడ్డం ఇదే మొదలు.

టెక్నీషియన్ గొట్టాలు యంత్రంలో తిప్పి, తీసి, వరసగా స్టాండులో పెట్టాడు. చదువుకోనివాళ్ళకైనా తెలిసిపోయేంత స్పష్టంగా ఉంది. వట్టి విషం వేసిన గొట్టం నిండా ఎరుపే. మూడు గొట్టాల్లో పైన తేట, అడుగున ఎర్రటి ముద్ద. ఇంకో గొట్టం మళ్ళీ అంతా ఎరుపు. చివరిదాంట్లో తేట.

"గుర్తులు చదవండి సార్," అన్నాను.

ఇన్‌స్పెక్టరు తను రాసుకున్న చీటీ తీశాడు. ఒక్కొక్క గుర్తే చదివాడు. తేటగా ఉన్న మూడూ బతికినవాళ్ళవి. అంతా ఎర్రబడింది ఆరో మంచం. చివరిది, నంబరు లేని సిరంజి.

పాలడాక్టరు బేడీల చేతులతోనే బల్ల అంచు పట్టుకుంది. "ఆరో మంచానికి ఎక్కింది నా మందు కాదు," అంది. ఏడుపో కోపమో తెలీని గొంతు. "ఆహారం కొవ్వు. అందులో కొలెస్ట్రాల్ ఉండదు. ఆయనకి నా మందు ఇవ్వనేలేదు!"

దర్జీ ఆవిడ నా మొహంలోకి చూసింది. "అంటే…"

"అంటే మీ సంతకం ఆయన్ని చంపలేదమ్మా. మీరు సంతకం పెట్టిన మందు ఆయన ఒంట్లోకి పోనేలేదు."

ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఒక ముల్లు తీసి ఇంకో ముల్లు గుచ్చబోతున్నానని నాకు తెలుసు. ఎందుకంటే ఆవిడ తరవాతి ప్రశ్న ఏమిటో కూడా తెలుసు.

"మరి ఆయన మందు ఎవరికి వేశారు?"

హెడ్ సిస్టరు వైపు తిరిగాను. "మీరు చేసిన తప్పు ఒక్కటే, సిస్టరుగారూ. దొంగతనం గురించి కాదు నేనంటున్నది. పని అయిపోయాక ఆ ఐదో సిరంజి చెత్తలో పారేసుంటే ఈ జన్మకి ఎవరికీ తెలిసేది కాదు. కానీ మీరు ముప్పయ్యేళ్ళ నుంచీ ఏ రూలూ తప్పలేదు. మూత పెట్టారు, కాగితం చుట్టారు, ఫ్రిజ్‌లో పెట్టారు. మనసు దొంగతనం చేసింది, చెయ్యి మాత్రం డ్యూటీ చేసింది. తీసేద్దామని మీకు గుర్తొచ్చేసరికి ఇన్‌స్పెక్టరుగారు సీలు వేసేశారు."

ఆవిడ ఏడవలేదు. ఏడ్చుంటే నాకు కాస్త తేలికయ్యేది.

"ఆయన పోతాడన్నారు," అంది. "పెద్ద డాక్టరే అన్నారు, సాయంత్రం దాటడని. అటు పక్క తొమ్మిదేళ్ళ పిల్ల, ఊపిరాడక గిలగిల్లాడుతోంది. చేతిలో మందుంది. పోయేవాడికి పోసి పారబొయ్యడమా, పిల్లకి పొయ్యడమా? ఆ ఒక్క నిమిషం మీరక్కడ ఉంటే తెలిసేది."

"ఆయన పోతాడని అన్నది మందు పడకముందు కదమ్మా," అంది పాలడాక్టరు మెల్లగా. "అలాంటివాళ్ళ కోసమేగా నేనది చేసింది."

అదే మందుతో ఒకటో మంచం మనిషి అంతకంటే పెద్ద గండం దాటి నిన్న లేచి కూర్చున్నాడు. డ్రైవరు కూడా బతికేవాడని ఎవరూ ప్రమాణం చెయ్యలేరు. బతికేవాడు కాదని ఇక హెడ్ సిస్టరు కూడా అనలేదు.

ఇన్‌స్పెక్టరు తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు. నేను ఆయన దగ్గరికి వెళ్ళాను.

"మీకు తెలుసా?"

"తెలీదు," అన్నాడు. "ఆ పొద్దున సిస్టరు కాళ్ళు పట్టుకున్నాను. ఏదైనా చెయ్యమ్మా అన్నాను. సరే వెళ్ళి కూర్చోండి అంది. సాయంత్రం పాప కళ్ళు తెరిచింది. ఏం చేశారని… నేను అడగలేదు."

"ఇన్నేళ్ళుగా మనుషుల్ని ప్రశ్నలడిగే కదా బతుకుతున్నారు. ఆ ఒక్క ప్రశ్న ఎందుకు అడగలేదు?"

"అడిగితే చెప్తుందని భయమేసింది," అన్నాడు.

ఆ మనిషి మీద నాకున్న పాత కసంతా ఆ మాటతో ఎటో పోయింది. పోవడం నాకు నచ్చలేదు. కసి ఉంటే ఇలాంటి పని సులువుగా అవుతుంది.

బల్ల మీద పంచనామా కాగితం ఉంది. ఏ సిరంజి ఎక్కడ దొరికింది, పరీక్షలో ఏం తేలింది, అన్నీ కానిస్టేబులు రాసేశాడు. సాక్షులుగా నేను, టెక్నీషియన్ సంతకాలు పెట్టాం. కింద దర్యాప్తు అధికారి సంతకం ఒక్కటే మిగిలింది. అది పడితే పాలడాక్టరు బేడీలు ఊడతాయి, హెడ్ సిస్టరు చేతులకి పడతాయి, ఆయన ఉద్యోగం పోతుంది, పాప పేరు పత్రికలకెక్కుతుంది. పడకపోతే, ఐదో సిరంజి ఆయన చేతికి జానెడు దూరంలోనే ఉంది. గుమ్మం బయట కొలిమికి వెళ్ళే బండి సిద్ధంగా ఉంది. పన్నెండు కావస్తోంది.

"ఆ కాగితం నకలు నాకొకటి కావాలి," అంది దర్జీ ఆవిడ, నేల మీంచి లేస్తూ. "మావాడికి చూపించాలి."

ఇన్‌స్పెక్టరు పెన్ను తీశాడు. మూత తీసి, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడే వార్డు తలుపు తోసుకుని పాప వచ్చింది. చిక్కిపోయి ఉంది, కళ్ళు మాత్రం మిలమిలా మెరుస్తున్నాయి. ఒంటి మీద నీలం గౌను, ముందు భాగంలో మెడ నుంచి అంచు దాకా సన్నటి కుట్టు. "నాన్నా, వెళ్దామా?" అంది. అంతలో దర్జీ ఆవిడని చూసి, "ఆంటీ, సరిపోయింది చూడండి!" అంటూ ఆవిడ ముందుకొచ్చి గిర్రున తిరిగింది.

ఆవిడ చూసింది. పిల్లని, గౌనుని, తండ్రిని, బల్ల మీద సిరంజిని. ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైపోయింది. మెడ దగ్గర దారం ఒకటి బయటికి వేలాడుతుంటే ఆవిడ చెయ్యి దానంతటదే వెళ్ళింది, తుంపడానికి. దారం దాకా వెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ కాసేపటికి తుంపింది.

తరవాత ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళి, వణుకుతున్న ఆ పెన్నుని చూసి, కాగితాన్ని ఆయన వైపు జరిపింది.

"పెట్టండి బాబూ," అంది. "నేనూ ఇలాగే పెట్టాను, చెయ్యి వణుకుతుంటే."